తినే గింజ వేరు, విత్తే గింజ వేరు

కర్నూలు,
గురువారం.

రమణికి,

ఇక్కడ నేను క్షేమం. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి "అందరం క్షేమం" అని రాస్తే అబద్ధమవుతుంది. అక్కడ నువ్వూ, మీ అమ్మా క్షేమమని తలుస్తున్నాను. తలచడం వరకే. నీ ఉత్తరంలో "ఈడ బాగుండాం" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో అంత తొందరగా అంతా బాగైపోయిందంటే నాకు నమ్మకం కుదరలేదు. అత్తకు నిద్ర పడుతోందా, ఆమెను లేపి కూర్చోబెట్టడంలో నీ నడుము ఏమైంది, దాచకుండా రాయి.

అక్షరాలు వంకర పోయాయని అనుమానపడకు. తాగి రాయడం లేదు. అరచేతికి కట్టు ఉంది, పెన్ను సరిగా నిలవడం లేదు. అది ఎందుకో చివర్లో చెబుతాను. ముందే చెబితే మిగతా ఉత్తరం చదవవు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. మీ ఊళ్ళో నీళ్ళ ట్యాంకు మెట్లెక్కితే గాని సిగ్నలు దొరకదు. దొరికినా నువ్వు స్పీకరు పెడతావు. నేను ఇక్కడ దగ్గితే అక్కడ ట్యాంకు కింద బట్టలుతికే వాళ్ళు "అల్లునికి దగ్గు" అని ఊరంతా చెబుతారు. దానికంటే మన బస్సు టపానే మేలు. కండక్టరుగా నా సర్వీసంతా ఊరూరికీ జనాల ఉత్తరాలు, మందులు, పచ్చళ్ళు మోశాను. ఇప్పుడు మీ ఊరి మీదుగా పోయే కోసిగి బస్సు డ్రైవరు గిడ్డయ్య నావి మోస్తున్నాడు. వాడి మీద నాకు ఎప్పుడూ పూర్తి నమ్మకం లేదు, అది నీకు తెలుసు. కానీ ఆ దారికి వాడే గతి.

నీ ప్రశ్నలకు జవాబులు. వేళకు తింటున్నాను. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం అన్నంలోకి నువ్వు చేసిపెట్టిన చెనిక్కాయల పొడి. మోటరు బాగానే ఉంది. కరెంటు బిల్లు కట్టాను, రసీదు దేవుని పటం వెనక పెట్టాను. ఇంక నువ్వు అసలు అడిగినవి రెండు ఉన్నాయి. గదిలో మొలకల ట్రేలు ఎట్లున్నాయని ఒకటి. "అమ్మకు పొద్దుతిరుగుడు మొలకల డబ్బా మంగళవారం బస్సుకు పంపిస్తానని ట్యాంకు కాడ మాట్లాడినప్పుడు చెప్తివే, రాలేదేమప్పా, మర్చిపోతివా?" అని రెండోది. ఆ రెండో ప్రశ్న మీదనే ఈ ఉత్తరమంతా నిలబడి ఉంది. కాబట్టి దాన్ని కొంచెం సేపు నిలబడే ఉండనివ్వు.

నువ్వు ఈ వ్యాపారం మొదలుపెట్టిన రోజు నేనన్న మాట గుర్తుందా? ఆవాలు తాలింపుకు పనికొస్తాయి, మెంతులు పోపుకు పనికొస్తాయి, వాటిని కొబ్బరిపొట్టులో చల్లి, వారం రోజులు పసిబిడ్డలను సాకినట్టు సాకి, రెండాకులు వేయగానే కత్తెరతో కోసి డబ్బాల్లో పెడితే ఎవరు కొంటారే అన్నాను. నువ్వు నవ్వి ఊరుకున్నావు. వెనక గదిలో ఇనుప అరలు పెట్టించావు, కిటికీకి తడి గోనెపట్టా కట్టావు, మైక్రోగ్రీన్స్ అని నోరు తిరగని పేరొకటి డబ్బాల మీద అంటించావు. జనం కొన్నారు కూడా. నాకు సంతోషమే అయింది గాని, ఆ సంతోషంలో ఒక మూల, గడ్డికి ఇంత గిరాకీ ఏమిటి, దీని వెనక ఏదో ఉందని నసుగుతూనే ఉన్నాను. ఏం చేయను? బస్సు ఎక్కేవాడి కాలు చూసి వీడు టికెట్టు తీసుకునేవాడా, నిద్ర నటించేవాడా అని పసిగట్టిన కన్ను ఇది. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోబెడితే అది ఊరికే ఉంటుందా? ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సులో చార్జీ కూడా లేదు, ఉద్యోగంలో ఉన్నా సగం అనుమానానికి పని ఉండేది కాదు.

నువ్వు పోయేటప్పుడు బస్టాండులో నా చేతికి గది తాళంచెవి ఇచ్చి చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "తినే గింజ వేరప్పా, విత్తే గింజ వేరు. డబ్బాలో ఉండేటివే ఎయ్యి. ఐపోతే నాకు చెప్పు, నేను తెప్పిస్తా. బజార్లో మాత్రం తేవద్దు." నేను సరేనన్నాను. కానీ లోపల ఏమనుకున్నానో ఇప్పుడు చెబుతున్నాను. బెంగుళూరు నుంచి చిన్న చిన్న ప్యాకెట్లలో గింజలు పంపే ఆ కంపెనీవాడు నిన్ను బాగా బుట్టలో వేశాడని అనుకున్నాను. మన పక్క పండే పొద్దుతిరుగుడు గింజకు బెంగుళూరు పోయొచ్చినందుకు అంత ధరా అనుకున్నాను. ఎందుకు వేరు అని నిన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బస్సు కదిలే లోపల చెప్పి ఉండేదానివి.

నువ్వు పోయిన మరునాడే శామ్ వచ్చాడు, వారం వారం డబ్బా కొనే నీ జిమ్ము శామ్. డబ్బా తీసుకొని పోకుండా గది దగ్గర ఆగి, "లోపల ఎట్ల పెంచుతాండారు పెద్దాయనా, ఒక ఫొటో తీసుకుంటా" అన్నాడు. ఫొటో ఎందుకు? రెండు రోజులకు వాడే జిమ్ము మిద్దె మీద అరలు పెట్టించి నీ నోట్లో మట్టి కొడతాడని నాకు తట్టింది. ఫొటో లేదు గిటో లేదని పంపించేశాను. ఆ రోజే గదికి కొత్త తాళం కొన్నాను. కిటికీ రెక్కలు మూసి గొళ్ళెం పెట్టాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. స్నానం చేసేటప్పుడు కూడా తీయలేదు.

మూడు నాలుగు రోజులకు ట్రేలలో అంచుల దగ్గర మొలకలు మాయం కావడం మొదలైంది. ఒక మూల బోడిగా అయ్యేది. మరునాటికి ఆ బోడి ఇంకాస్త పెరిగేది. ఎవరో పీకుతున్నారు. తాళం వేసినది వేసినట్టే ఉంది, మొలకలు మాత్రం పోతున్నాయి. నాకు అన్నం సహించలేదు. బోడిగా అయిన చోటల్లా మళ్ళీ గింజలు చల్లాను. డబ్బాలో నువ్వుంచిన పొద్దుతిరుగుడు గింజలు అట్లా అయిపోయాయి.

ఎవరి మీద అనుమానం పడ్డానో నువ్వే ఊహించుంటావు. ఈరక్క మీద. పక్కింటి మనిషి, మన పెరటి గోడకు అటువైపే ఆమె కోళ్ళు, ఆ గోడలో పిల్లి దూరేంత సందు. పైగా రోజూ పొద్దున గోడ మీదుగా తల పెట్టి, "ఏమన్నా, గడ్డి కోసినావా?" అని అడుగుతుంది. నువ్వున్నప్పుడు అది పలకరింపు లాగే వినిపించేది. నువ్వు లేకపోయేసరికి అందులో నాకు ఏడుపు వినబడింది. గుడ్లు అమ్ముకునే మనిషికి నీ డబ్బాలు చూసి కడుపు మండుతోందని తీర్మానించుకున్నాను.

వాకిట్లో నిలబడి అడిగేశాను, వీధిలో నలుగురూ వినేటట్టు. ఈరక్క చేట కింద పెట్టి నా వైపు చూసింది. "నా కోళ్ళు గోడ దూకి, తాళం తీసి, నీ గడ్డి తిని, మళ్ళా తాళమేసి పోతాండాయా సుంకప్పన్నా?" అంది.

"కోళ్ళు కాకుంటే కోళ్ళను సాకేటోళ్ళు," అన్నాను.

ఆమె మళ్ళీ చేట అందుకుంది. అక్కడితో నేనూ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఆమె కోళ్ళలో ఎర్రది, మెడ మీద ఈకలు లేనిది, సరిగ్గా అప్పుడే మన దానిమ్మ చెట్టు కింద గీకుతూ కనబడింది. దాన్ని చూపించి, "ఇంగొకసారి ఈ గోడ దాటి వస్తే ఆ కోడి మళ్ళా గుడ్డు పెట్టదు, చెప్తాండా," అన్నాను. వీధి వీధంతా విన్నది రమణీ.

ఇంక గింజల సంగతి. శామ్‌కూ, రెజీనా టీచరుకూ వారం వారం పొద్దుతిరుగుడే కావాలి. డబ్బా ఖాళీ. నీకు చెబితే, "అప్పుడే ఎట్లైపాయ?" అని అడుగుతావు, దొంగతనం సంగతి చెప్పాలి, నేను కాపలా కాయలేకపోయానని తేలుతుంది. అందుకని పాత బస్టాండు పక్కన విత్తనాల అంగడికి పోయాను. అక్కడివాడు, "ఎన్నెకరాలకు పెద్దాయనా?" అని అడిగాడు. నిజం చెబితే ఈ వ్యాపారం వీడు కూడా పట్టేస్తాడని, "రెండెకరాలకు" అన్నాను. ఎకరాలంటే ఏమి ఇవ్వాలో అదే ఇచ్చాడు. ఇంట్లో ట్రేలలో మొలిపించి తినడానికని చెప్పి ఉంటే చేతిలోనుంచి లాక్కునేవాడు. సంచి మీద ఎర్రటి ముద్ర ఒకటి ఉంది, చిన్న అక్షరాలతో ఏదో రాసి ఉంది. టికెట్టు వెనక రాసిన నిబంధనలు ఎవరు చదువుతారు?

గింజలు గులాబీ రంగులో ఉన్నాయి. మందు పట్టించినవని నాకు తెలియక కాదు. సేద్యం చేసేవాడి కొడుకును, తెలియదా? మందు పట్టించిన విత్తనమే అసలైన విత్తనం, పుచ్చు ఉండదని మా నాయన చెప్పేవాడు. కరువు సంవత్సరంలో మా అమ్మ విత్తనాలకని దాచిన జొన్నలు తీసి, ఎన్నో నీళ్ళకు కడిగి సంగటి చేసింది. అందరం తిన్నాం, అందరం బతికాం. అదే నా మనసులో ఉంది. కడిగితే పోతుందనుకున్నాను. మా అమ్మ జొన్నలకు పట్టించినది బూడిద, వేపాకు పొడి అన్న మాట మాత్రం ఆ పూట గుర్తు రాలేదు.

బాత్రూములో బక్కెట్టు పెట్టుకొని గింజలు కడిగాను. నీళ్ళు తేట పడేదాకా రుద్దాను. గదిలో వేశాను. ఎంత బలంగా వచ్చాయనుకున్నావు! నీ ప్యాకెట్టు గింజలకంటే లావు కాడలు, ఒక్క మూల కూడా బోడి పడలేదు. బెంగుళూరువాణ్ణి గెలిచినట్టు అనిపించింది. నువ్వొచ్చాక ఈ గింజ ధర, ఆ గింజ ధర పక్కపక్కన పెట్టి నీ నోరు మూయించాలని కాచుకున్నాను.

సోమవారం కోశాను. శామ్‌కు ఒకటి, రెజీనా టీచరుకు ఒకటి ఇచ్చాను. మంగళవారం పొద్దున మీ అమ్మకని ఒక డబ్బా గిడ్డయ్య చేతికి ఇచ్చాను. ఇప్పుడు నీ రెండో ప్రశ్నకు నేను ఎందుకు దూరదూరంగా తిరిగానో తెలిసింది కదా. కంగారు పడకు, ఆ డబ్బా మీకు చేరలేదు, చేరదు. ఎట్లా అన్నది వరసలో వస్తుంది.

అదే సాయంత్రం రెండో విడతకు గింజలు కడిగాను. ఈసారి నీళ్ళు దండగెందుకని బక్కెట్టు పెరట్లోకి తెచ్చి దానిమ్మ చెట్టు మొదట్లో పోశాను. నీళ్ళ మీద తేలిన తాలు గింజలు కూడా ఆ నీళ్ళతోనే పోయాయి.

బుధవారం పొద్దున ఈరక్క వచ్చింది. కేకలు వేయలేదు. పాత చీర ముక్కలో చుట్టిన ఎర్ర కోడిని మన గడప ముందు పెట్టింది. "మళ్ళా గుడ్డు పెట్టదని చెప్తివి గదన్నా. పెట్టలేదు. సచ్చిపాయ," అంది.

నాకు నిజంగా కోపం వచ్చింది. ఎందుకంటే నేను ఏమీ పెట్టలేదు కదా! నోటితో అన్నాను గాని చేత్తో చేయలేదు. ఆ మాటే చెప్పాను. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. వాళ్ళు నన్ను చూసిన చూపు నాకు తెలుసు. వెనక సీట్లో కూర్చొని టికెట్టు తీసుకున్నానని ఒట్టు పెట్టే వాణ్ణి నేను అట్లాగే చూసేవాణ్ణి.

"అట్లయితే సుంకులమ్మ ముందర కర్పూరం ఆర్పి ఒట్టెయ్యి," అంది ఈరక్క. "నీకు పెట్టింది ఆయమ్మ పేరే. ఆర్పినావంటే నేను ఇంగ మాట్లాడను."

పోయాను. వెనకాడలేదు, అంత నిబ్బరంగా ఉన్నాను. వీధి మొదట్లో అమ్మవారి గుడి ముందు చెప్పులు విడిచి, అరచేయి చాపాను. ఎవరో తమలపాకు తెస్తామన్నారు, అవసరం లేదన్నాను. వట్టి అరచేతిలోనే కర్పూరం బిళ్ళ పెట్టించుకొని వెలిగించమన్నాను. "నా ఇంట్లోనుంచి ఈ కోడికి విషం పోలేదు తల్లీ" అని, రెండో చెయ్యి దాని మీద చరిచి ఆర్పేయాలి. అంతే పని.

రెండో చెయ్యి పైకెత్తాను. ఆ చెయ్యి కర్పూరం వెలుగు మీదికి వచ్చింది. వేళ్ళ గోళ్ళ చుట్టూ గులాబీ రంగు. కింది చేతికీ అంతే, గోరు మొదళ్ళలో, అరచేతి గీతల్లో, సబ్బుకు పోని రంగు. ఆ రంగు నీళ్ళు యాడ పోసినాను? దానిమ్మ చెట్టుకు. ఆ చెట్టు కింద ఎవరు గీకుతారు?

చెయ్యి కిందికి రాలేదు రమణీ. ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. కర్పూరం కాలుతూనే ఉంది. "ఆర్పన్నా" అని ఎవరో అన్నారు. నేను ఆర్పలేదు, పారేయలేదు. అది అయిపోయేదాకా నా చేతిలోనే కాలింది. నొప్పి తెలిసింది గాని, ఆ నొప్పి నాకు రావలసినదేనని కూడా తెలిసింది.

"నేనే ఈరక్కా," అన్నాను. "తెలిసి కాదు. కానీ నేనే."

ఆమె ఏమందో నాకు వినబడలేదు. ఎందుకంటే ఆ రంగు నీళ్ళ నుంచి నా బుద్ధి ట్రేల మీదికి దూకింది. కోడి తిన్నది తాలు గింజలు. ఆ గింజ నుంచి వారం కింద మొలిచిన ఆకును నేను డబ్బాల్లో పెట్టి మనుషులకు ఇచ్చాను. మూడు డబ్బాలు. కంచే చేను మేసిందంటారే, నేను తాళం వేసి మరీ మేశాను.

ఆటో ఎక్కి ముందు రెజీనా టీచరు ఇంటికి పోయాను. ఏడో నెల కడుపుతో కూతురు పుట్టింటికి వచ్చి ఉందని ఆమె నీ దగ్గర మొలకలు తీసుకుంటున్నది, నీకు తెలుసు కదా. తలుపు తీసేలోపల నేను ఎన్ని దేవుళ్ళకు మొక్కానో నాకే తెలియదు. ప్రభువుకు కూడా మొక్కాను, ఆమె దేవుడు కదా అని. చర్చిలో ఏదో కార్యక్రమమట, రెండు రోజులుగా ఇంట్లో వంటే లేదట. డబ్బా ఫ్రిజ్జులో మూత తీయకుండా అట్లాగే ఉంది. చేతికి తీసుకొని గడప మీదే కూలబడ్డాను. జరిగింది చెప్పాను. ఆమె నా చేతి వైపు, డబ్బా వైపు చూసి, "రమణికి తెల్సా ఇది?" అంది.

"తెలియదమ్మా."

"ముందు ఆమెకు చెప్పండి. ఆమె నోటితో రమ్మంటే మళ్ళా తీసుకుంటాను. అంతవరకు వద్దు."

శామ్ తినేశాడు. రెండు పూటలు రసం చేసుకొని తాగాడట. డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను, సంచి మీది ముద్ర చూపించాను. ఆ పూట నా కళ్ళజోడు పెట్టుకొని మొదటిసారి చదివాను కూడా. తినడానికి పనికిరాదు, విషం అని తెలుగులోనే ఉంది. డాక్టరు బాగా నీళ్ళు తాగించమని, రక్తం పరీక్ష చేయించమని, ఒక రోజు కనిపెట్టుకొని ఉండమని చెప్పాడు. నేను జిమ్ములో బల్ల మీద కూర్చొని వాణ్ణే చూస్తూ కూర్చున్నాను. వాడు దగ్గితే లేచి నిలబడేవాణ్ణి. "నాకేం కాలేదు పెద్దాయనా, నువ్వట్ల సూస్తాంటేనే భయమైతాండాది," అన్నాడు. ఇవాళ పరీక్ష కాగితం వచ్చింది, అంతా సరిగానే ఉంది. మళ్ళీ డబ్బా తీసుకునే సంగతి రమణక్క వచ్చినాంక చూద్దాం అన్నాడు వాడు కూడా. ఫొటో ఎందుకు అడిగాడో కూడా అప్పుడే తెలిసింది. జిమ్ముకు వచ్చేవాళ్ళకు చూపించి నీకు ఇంకో పదిమందిని కుదురుద్దామనట.

మూడో డబ్బా మిగిలింది. నీకు ఫోను చేశాను, పలకలేదు. మీ ఊళ్ళో ఎవరి ఫోనూ పలకలేదు. గిడ్డయ్యకు చేశాను. "ఇచ్చినా పెద్దాయనా. అక్క చేతికే ఇచ్చినా. శానా సంతోషపడింది," అన్నాడు.

రమణీ, ఆ మాటతో ఫోను పెట్టేశాను. మంచంలో ఉన్న ముసలామె, నమిలే ఓపిక లేదని నువ్వే సన్నగా తరిగి పెరుగులో కలిపి నోట్లో పెడుతున్నట్టు కళ్ళకు కట్టింది. నువ్వు కూడా గిన్నె తుడిచి తింటావు, నీ అలవాటు నాకు తెలుసు. కోసిగి బస్సెక్కి నేనే రావాలని బస్టాండుకు పరుగెత్తాను. సాయంత్రం బస్సు అప్పుడే వచ్చి ఆగింది. గిడ్డయ్య దిగి, నన్ను చూసి ముఖం పక్కకు తిప్పుకొని, జేబులోనుంచి నీ ఉత్తరం తీసి ఇచ్చాడు.

అక్కడే నిలబడి చదివాను. "డబ్బా రాలేదేమప్పా, మర్చిపోతివా?" ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. మళ్ళీ మళ్ళీ అదే చదివాను. జనం తోసుకుంటూ పోతున్నారు, నేను మధ్యలో నిలబడి ఏడుస్తున్నాను. గిడ్డయ్యకు భయం పట్టుకుంది. "తిట్టొద్దు పెద్దాయనా," అన్నాడు. "ఇంజను మీద పెట్టింటి. ఎమ్మిగనూరు వచ్చేతలికి ఉడికిపాయ, కంపు కొడ్తాండె. నీళ్ళ కాలవలో పారేసినా. నువ్వు అరుస్తావని ఇచ్చినానంటి."

ఇన్నేళ్ళుగా వీడు సామాన్లు సరిగా చేర్చడని, అడిగితే అబద్ధం చెబుతాడని నేను అనుమానిస్తున్నాను. ఆ ఒక్క అనుమానం నిజమైంది. నిజమైనందుకు వాణ్ణి పట్టుకొని కావలించుకున్నాను. వాడికి ఏమీ అర్థం కాక, "ఏమైందప్పా నీకు?" అని నా వీపు నిమిరాడు.

ఎవరికీ ఏమీ కాలేదు కదా, ఇదంతా నీకు చెప్పకుండా ఉంటే ఏమని నాకు తోచలేదని అనను. తోచింది. ఇంటికి వచ్చే దారంతా తోచింది. చార్జీ తీసుకొని టికెట్టు కొట్టని కండక్టర్లను నేను జీవితమంతా అసహ్యించుకున్నాను, నేను వాళ్ళలో ఒకణ్ణి కాలేను. అంతకంటే ముఖ్యం, ఆ డబ్బాల మీద ఉన్నది నీ పేరు. పోయింది నీ మాట మీది నమ్మకం. రెజీనా టీచరు అన్నట్టు దాన్ని మళ్ళీ నిలబెట్టవలసింది నువ్వే, నేను నిలబెట్టలేను.

ఇంటికి వచ్చేసరికి ఈరక్క మన అరుగు మీద కూర్చొని ఉంది. కోడిని పూడ్చినట్టున్నారు, చేతులకు మట్టి ఉంది. ఏమీ అడగకుండా నా చెయ్యి పట్టుకొని వెలుతురులోకి తిప్పి చూసింది. కొంగులోనుంచి గుడ్డు తీసి, గడప అంచుకు కొట్టి, తెల్లసొన నా అరచేతిలో పోసి మెత్తగా పూసింది. చల్లగా ఉంది.

"ఈ గుడ్డు ఏ కోడిదక్కా?" అన్నాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"దాందే," అంది. "మంగళారం పెట్టింది."

నేను చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. ఆమె పూయడం ఆపలేదు. "ఆర్పలేదు గదన్నా నువ్వు," అంది. "ఆర్పింటే ఈ జన్మలో నీ మొకం చూసేదాన్ని కాదు."

చేతికి గుడ్డ కట్టి, గదిలోకి వచ్చింది. నేను గులాబీ గింజల ట్రేలు తీసి ఆ మొలకలన్నీ గోనెసంచిలో కట్టేశాను. కడిగిన గింజలు కూడా అందులోనే వేశాను. కడగకుండా మిగిలిన గింజలు సేద్యం చేసేవాళ్ళకు ఇచ్చేస్తాను, అవి భూమిలో పడాల్సినవి. నీ పాత ట్రేలు, బోడి మచ్చలు పడినవి, ఆమె ఒక్కొక్కటే వంగి చూసింది. "ఇవి ఎవురూ పీకలేదన్నా. కాడ కుళ్ళినాది. మిరప నారుకు గాలి తగలకుంటే ఇట్లే పడిపోతాది. కిటికీ ఎందుకు మూసినావు?" అని అడిగింది.

దొంగలు వస్తారని మూశానని ఆమెకు ఎట్లా చెప్పను? ఆమె గొళ్ళెం తీసి రెక్కలు తెరిచింది. నువ్వు కట్టిన గోనెపట్టాను తడిపి మళ్ళీ కట్టింది.

మొలతాడు నుంచి తాళంచెవి విప్పాను. కాలిన చేతితో ముడి రాలేదు, ఆమే విప్పింది. విప్పి నాకు ఇవ్వబోయింది. నేను తీసుకోలేదు, ఆమె దగ్గరే ఉంచమన్నాను. ఇవాళ పొద్దున నేను లేవకముందే వచ్చి, నీ డబ్బాలో మిగిలిన ఆవాలు, మెంతులు చల్లి నీళ్ళు చిలకరించి పోయింది. గోడ మీదుగా తల పెట్టి, "ఏమన్నా, గడ్డికి నీళ్ళు పోసినా," అంది. దాంట్లో నాకు ఏ ఏడుపూ వినబడలేదు.

రెజీనా టీచరుకూ, శామ్‌కూ నువ్వే రెండు మాటలు రాసి పంపు. రమ్మని రాస్తావో, ఇంక చాలని రాస్తావో నీ ఇష్టం. నన్ను ఏమన్నా అనాలనిపిస్తే ట్యాంకు ఎక్కి, స్పీకరు పెట్టి, ఊరంతా వినేటట్టే అను. మీ అమ్మకు ఈసారి ఈరక్క దగ్గర కొన్న గుడ్లు పంపుతున్నాను. ఇంజను మీద పెట్టవద్దని గిడ్డయ్యకు చెప్పాను. చేరాయో లేదో వెంటనే రాయి.

ఇట్లు,
తాళంచెవి లేని
నీ పెనిమిటి,
సుంకప్ప.